బ్రిటిషు మ్యూజియములో ఇశ్రాయేలు రాజులు

లండను నగరమునకు పోయిన తెలుగువారు బ్రిటిషు మ్యూజియములో మొట్టమొదట వెదకునవి అమరావతి శిల్పములు. మేమును అట్లే చేసితిమి. కృష్ణాతీరమున మన పూర్వులు చెక్కిన పద్మములను, బోధివృక్షమును అంత దూరదేశమున చూచినపుడు సంతోషమో దుఃఖమో తెలియని భావమొకటి మనస్సున కలిగినది. కాని ఈ మారు మేము వ్రాయబూనినది వానిని గూర్చి కాదు. అదే భవనమున మఱియొక దిక్కున అష్షూరు రాజుల రాళ్లు కలవు. వానిని చూచుటకే మా బాల్యస్నేహితురాలు మమ్ము వెంటబెట్టుకొని పోయినది.

ఆమె గుంటూరు మండలమున ఒక క్రైస్తవ కుటుంబపు కోడలు. ఇరువది సంవత్సరములుగా ఆదివారపు బడిలో పిల్లలకు బైబిలు పాఠములు చెప్పుచున్నది. ఆమె మామగారు వృద్ధులు. బైబిలులోని ప్రతి యక్షరమును జరిగినది జరిగినట్లు వ్రాసినదేయని వారి విశ్వాసము. కుమారుడు లండనులో చదువుచున్నాడు. దావీదు మొదలు సిద్కియా వఱకు ఆ రాజులందఱును కట్టుకథలేయని అతని వాదము. ఒకనాడు టెలిఫోనులో తాతకును మనుమనికిని ఈ విషయముననే మాటలు పెరిగినవి. నాటినుండి ఆఱు నెలలుగా వారిరువురును పలుకరించుకొనుట లేదు. నడుమ నలిగిపోయినది మా స్నేహితురాలు. “వదినా, వీరిద్దరిలో ఎవరిని కాదనగలను? నా కన్నులతో చూచి తెలిసికొనవలెను. నీవు తోడు రావలెను” అని ఆమె కోరినది.

ఈ రాజుల కథ తెలియని సోదరీమణుల కొఱకు రెండు మాటలు. బైబిలు పూర్వభాగమున రాజుల గ్రంథములు రెండు కలవు. దావీదును, అతని కుమారుడు సొలొమోనును ఏలిన రాజ్యము సొలొమోను మరణానంతరము రెండుగా చీలెనని అవి చెప్పుచున్నవి. పండితుల లెక్క ప్రకారము ఇది క్రీ.పూ. 930 ప్రాంతపు మాట. ఉత్తరమున ఇశ్రాయేలు, దానికి కొంతకాలమునకు షోమ్రోను ముఖ్యపట్టణమైనది. దక్షిణమున యూదా, దానికి యెరూషలేము ముఖ్యపట్టణము. మొదటిదానిని క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరువారును, రెండవదానిని క్రీ.పూ. 586 ప్రాంతమున బబులోనువారును కూల్చిరి. కూల్చినవారి వ్రాతలు నేటి ఇరాకు దేశపు మట్టిలోనుండి బయటపడినవి. అందువలననే నేడు మనము ఇరుపక్షముల మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగలుగుచున్నాము.

మ్యూజియములో ప్రవేశమునకు రుసుము లేదు. మనుష్యుని ముఖమును, పక్షి రెక్కలును గల మహావృషభములను దాటి లోనికి పోయితిమి. మేము మొదట నిలిచినది కుర్ఖు అనుచోట 1861లో దొరికిన శిలాఫలకము నొద్ద. కుర్ఖు నేటి తుర్కీ దేశమున దియార్‌బకిరు పట్టణమునకు సమీపమున నున్నది. ఫలకము మనిషిని మించిన ఎత్తున, పైభాగము గుండ్రముగా నుండును. దానిపై అష్షూరు రాజు మూడవ షల్మనేసెరు విగ్రహమున్నది. ఆ విగ్రహము మీదుగనే, వస్త్రమనక శరీరమనక, మేకుల వంటి అక్షరములు చెక్కబడినవి. క్రీ.పూ. 853లో కర్కరు అనుచోట తన్నెదిరించిన రాజుల పట్టిక యందున్నది. ఆ పట్టికలో ఇశ్రాయేలు రాజు ఆహాబు పేరు కలదు. అతడు రెండువేల రథములతోను, పదివేల కాల్బలముతోను వచ్చెనని వ్రాసియున్నది.

ఆహాబు పేరు వినగానే మా స్నేహితురాలు ఆ రాతికి మఱింత దగ్గరగా జరిగినది. బైబిలులో ఆహాబు దుర్మార్గుడు. భార్యయైన యెజెబెలు మాట విని పరదేవతలను కొలిచినవాడు, నాబోతు ద్రాక్షతోట నపహరించినవాడు. అతని పాపములు అధ్యాయముల కొలది వ్రాసిన ఆ గ్రంథమున కర్కరు యుద్ధము మాట ఒక్కటియు లేదు. శత్రువు చెక్కించిన ఈ రాతిమీద మాత్రము అతడు పలువురు రాజులలో మిక్కిలి బలవంతులైన వారిలో నొకడు. రెండువేల రథములను సంఖ్య అతిశయమనియు, చెక్కినవాని పొరపాటనియు తలచు పండితులు కలరు. సంఖ్య యెట్లున్నను ఆహాబు కట్టుకథలోని మనిషి కాడనుటలో సందేహము లేదు.

“అయిన గ్రంథము ఈ యుద్ధము నేల దాచినది?” అని ఆమె అడిగినది.

దాచినదనుట కంటె, అది తన పని కాదనుకొన్నదనుట మేలు. రాజుల గ్రంథమును వ్రాసినవారు ఇంచుమించు ప్రతి రాజు కథ చివరను, అతని తక్కిన కార్యములు రాజుల వృత్తాంతముల గ్రంథమందు వ్రాయబడి యున్నవి కదా యని చదువరులను అచ్చటికి పంపుచున్నారు. ఆ వృత్తాంతములు నేడు మనకు లేవు. తాము వ్రాసినది సమగ్రమైన రాజ్యచరిత్ర కాదని వ్రాసినవారే ఒప్పుకొన్నారన్నమాట. ఏ రాజు దేవుని యాజ్ఞను పాటించెను, ఏ రాజు మీఱెను అను విచారణయే వారికి ముఖ్యము. ఆహాబు తండ్రి ఒమ్రీ సంగతి చూడుడు. షోమ్రోను కొండను వెండి యిచ్చి కొని, దానిమీద రాజధానిని కట్టించినవా డతడు. అతని యేలుబడికి గ్రంథమున లభించినవి ఆఱు వచనములు మాత్రమే. అష్షూరువారో, అతడు చనిపోయిన తరువాత నూఱేండ్లకు పైగా కూడ ఆ దేశమును ఒమ్రీ యిల్లు అనియే పిలుచుచుండిరి.

ఇక గ్రంథమునకు విడువులున్నవి గనుక రాళ్లే సత్యమందురా? దానికిని సమాధానము అచ్చటనే యున్నది. కుర్ఖు ఫలకముమీద షల్మనేసెరు కర్కరులో పదునాలుగు వేలమందిని చంపితినని చెప్పుకొనెను. అతడే తరువాత నిలిపించిన నల్లరాతి స్తంభముమీద అదే యుద్ధమున చచ్చినవారు ఇరువదివేల ఐదువందలైరి. ఏండ్లు గడచిన కొలది శవములు పెరిగినవి! ఇంత గొప్ప విజయము పొందినవాడు క్రీ.పూ. 849, 848, 845 సంవత్సరములలో మరల మరల ఆ కూటమిమీదికే దండెత్తవలసి వచ్చెను. గెలుపు చెప్పుకొన్నంత గెలుపు కాదని దీనివలన తెలియుచున్నది. రాజుల శాసనములు ఏ దేశమున నైనను ఇట్టివే. ఇందాక మేము చూచిన అమరావతితో సంబంధము గల శాతవాహనులనే తీసికొనుడు. గౌతమీ బాలశ్రీ నాసికు గుహలో తన కుమారుని జయములను చెక్కించెను. రుద్రదాముని జునాగఢు శాసనము ఆ వంశపు రాజును తాను రెండు మారులు గెలిచితినని చాటుచున్నది. ఓడితినని చెక్కించుకొన్నవాడు ఎచ్చటను కానరాడు.

పైన చెప్పిన నల్లరాతి స్తంభము నిమ్రూదు త్రవ్వకములలో 1846లో లేయర్డు అను నాతనికి దొరికినది. ఎత్తు రెండు మీటర్లకు కొంచెము తక్కువ. నాలుగు ప్రక్కలను ఐదేసి వరుసల బొమ్మలు కలవు. పైనుండి రెండవ వరుసలో ఒక మనుష్యుడు రాజు పాదముల యెదుట మోకరించి, నేలకు తల వంచియున్నాడు. ఒమ్రీ కుమారుడైన యెహూ కప్పమని పైని వ్రాత చెప్పుచున్నది. వెండి, బంగారము, బంగారు గిన్నెలు, తగరము మొదలుగా తెచ్చిన వస్తువుల పట్టిక యున్నది. ఇది క్రీ.పూ. 841 నాటి సంగతి. వంగినవాడు యెహూయే యైనచో, ఇశ్రాయేలు రాజుల ప్రతిరూపములలో మనకు మిగిలిన అతి ప్రాచీనమైనది యిదే. కాడు, అతని దూత యనువారును కలరు.

బైబిలులో యెహూ మహాశూరుడు. రథమును వెఱ్ఱిగా తోలుకొనివచ్చి యోరాము రాజును చంపినవాడు, యెజెబెలును కిటికీనుండి పడద్రోయించినవాడు, ఆహాబు వంశమును నిర్మూలించినవాడు. అట్టివాడు మట్టిలో తల పెట్టెనని గ్రంథము చెప్పదు. తమాషా యేమనగా, ఒమ్రీ వంశమును తెగటార్చిన యెహూనే అష్షూరు లేఖకుడు ఒమ్రీ కుమారునిగా చేసెను. దూరదేశపు గుమాస్తాకు ఆ దేశమునకు గల వాడుక పేరే తెలియును గాని, యింటిలోని కలహము లేమి తెలియును?

అచ్చట నుండి లాకీషు గదికి పోయితిమి. యూదాలో యెరూషలేము తరువాత చెప్పదగిన కోట లాకీషు. క్రీ.పూ. 701లో హిజ్కియా యేలుబడిలో, అష్షూరు రాజు సన్హెరీబు దానిని పట్టుకొనెను. నీనెవెలోని తన నగరులో ఒక గది గోడల చుట్టును ఆ ముట్టడిని చెక్కించుకొనెను. ఆ రాతిపలకలు ఇప్పుడిచ్చట వరుసగా నిలిపియున్నవి. కోటగోడకు కట్టిన మట్టిదారి, దానిమీద ఎక్కుచున్న గోడలు పడగొట్టు యంత్రములు, పైనుండి పడుచున్న దివిటీలు, వింటివారు, ఒడిసెలవారు, కొఱ్ఱు వేయబడిన బందీలు, అన్నియు కన్నుల గట్టినట్లున్నవి. ఒక చివరను సన్హెరీబు సింహాసనముపై కూర్చుండి, దోపుడుసొమ్ము తన యెదుట నడచుచుండగా చూచుచున్నాడు. అతని ముఖమును మాత్రము తరువాత నెవరో పనిబూని చెక్కివేసిరి.

లాకీషు ఉండిన దిబ్బను 1932 నుండి 1938 వఱకు స్టార్కీ యనునాతడును, 1973 తరువాత ఉస్సీష్కిను అను పండితుడును త్రవ్వించిరి. రాతిలో చెక్కిన ఆ ముట్టడి దారియే అచ్చట నిజముగా బయటపడినది. బాణపు మొనలును, ఒడిసెల రాళ్లును దొరికినవి. సన్హెరీబు యూదాలోని ప్రాకారపురముల నన్నిటిని పట్టుకొనెనని బైబిలు ఒక్క వాక్యమున చెప్పి యూరకున్నది. గ్రంథమును, శత్రువు గోడయును, నేలయును ఇచ్చట ఒక్క మాటయే చెప్పుచున్నవి.

మేడమీద, మట్టితో చేసిన ఆఱు పలకల స్తంభ మొకటి గాజుపెట్టెలో నున్నది. మూరెడు పొడవు కూడ లేదు. 1830లో నీనెవెలో దొరికిన దీనిని టేలరు స్తంభ మందురు. ఇందు సన్హెరీబు తన మాటలలోనే 701 నాటి దండయాత్రను చెప్పుచున్నాడు. నలువదియాఱు కోటలను పట్టితిననియు, రెండులక్షల నూటయేబదిమంది జనులను వెడలదీసితిననియు, హిజ్కియాను యెరూషలేములో పంజరములోని పక్షివలె మూసితిననియు చెప్పుచున్నాడు. ఆ నగరమును పట్టుకొంటినని మాత్రము చెప్పలేదు! బైబిలును యెరూషలేము పడలేదనియే చెప్పుచున్నది. పడకపోవుటకు కారణము దేవదూత యొక్క రాత్రిలో లక్షయెనుబదియైదు వేలమంది సైనికులను హతము చేయుట యని దాని మాట. స్తంభము కారణమే చెప్పక కప్పము లెక్కకు పోవుచున్నది. ఆ లెక్క చూడుడు. బంగారము ముప్పది తలాంతులని యిరువురును చెప్పుచున్నారు. వెండి మాత్రము బైబిలులో మూడువందలు, స్తంభముమీద ఎనిమిదివందలు. సన్హెరీబు కుమారుల చేతిలోనే హతుడయ్యెనని గ్రంథము చెప్పుచున్నది. అతడు కొడుకు చేతిలో చచ్చెనని బబులోను వృత్తాంతమును చెప్పుచున్నది. అయితే గ్రంథము చదువువారికి అతడు ఇల్లు చేరగానే చచ్చెనన్నట్లు తోచును. నిజమునకు అది ఇరువదియేండ్లకు, క్రీ.పూ. 681లో జరిగినది.

ఆ కప్పపు పట్టికలోనే మఱియొక వాక్యము కలదు. బంగారము, వెండి, దంతపు మంచములతో పాటు హిజ్కియా తన కుమార్తెలను, అంతఃపురస్త్రీలను, పాటగాండ్రను, పాటకత్తెలను నీనెవెకు పంపెనట! మా స్నేహితురాలు ఈ మాట విని చాలసేపు పలుకలేదు. “హిజ్కియా తల్లి పేరు అబీ అని నేను పిల్లలకు చెప్పుచుందును. ఆ కూతుండ్ర మాట నాకెన్నడును తెలియదు” అనెను. నిజమే. యూదా రాజుల తల్లుల పేర్లను రాజుల గ్రంథము ఇంచుమించు ప్రతివారికిని చెప్పుచున్నది. అది అష్షూరు రాళ్లలో లేని మర్యాద. కాని ఈ కూతుండ్ర మాట గ్రంథమున లేదు. స్తంభమున వారి సంగతి యున్నను పేర్లు లేవు.

అలసి ఒక బల్లమీద కూర్చుంటిమి. ఈ మ్యూజియములో లేని సాక్ష్యములను గూర్చి కూడ అచ్చటనే మాటలాడుకొంటిమి. మోయాబు రాజు మేషా శాసనము 1868లో యొర్దాను నదికి తూర్పున దొరికినది. ఇప్పుడు పారిసులోని లూవ్రులో నున్నది. ఒమ్రీ తన దేశమును బాధించెననియు, తాను తిరుగబడి గెలిచితిననియు మేషా చెప్పుచున్నాడు. అతడు తిరుగబడెనని బైబిలును ఒప్పుకొనుచున్నది. యుద్ధము ముగిసిన తీరును మాత్రము వేఱుగా చెప్పుచున్నది. దావీదు పేరు బైబిలు వెలుపల ఏ ప్రాచీన శాసనమునను ఉన్నట్లు 1993 వఱకు నిశ్చయముగా తెలియదు. ఆ యేడు ఇశ్రాయేలు దేశపు ఉత్తరపు కొసనున్న దాను దిబ్బలో ఒక శాసనపు ముక్క బయటపడినది. దాని యక్షరములను మొదట కనిపెట్టినది గిలా కుక్కు అను స్త్రీ. త్రవ్వకపు పనివారిలో కొలతలు తీయునామె. అందు దావీదు ఇల్లు అను మాట కలదని పండితులలో పెక్కుమంది యభిప్రాయము. విఱిగిన యక్షరములను పూరించి చదివిన ప్రకారము, యోరామును, యూదా రాజు అహజ్యాను తానే చంపితినని సిరియా రాజు అందు చెప్పుకొనుచున్నాడు. ఆ హత్యలు రెండును బైబిలు యెహూకు కట్టినవి! దావీదు వంశ మొకటి యుండినదనుటకు ఇది సాక్ష్యము. అతని రాజ్యమెంత, సొలొమోను ఐశ్వర్యమెంత యనుటకు కాదు. సొలొమోను పేరు గల ఆ కాలపు శాసన మింతవఱకు దొరకలేదు. ఏ కట్టడములు అతని కాలమువో యని పండితులు నేటికిని వాదించుచున్నారు.

కావున మాకు తోచిన దిది. సొలొమోను దాటి ఆహాబు కాలము చేరిన తరువాత రాజుల గ్రంథపు పేర్లును, వరుసయును బయటి సాక్ష్యములతో చాలవఱకు పొసగుచున్నవి. అంతకు ముందున్న దానిని గూర్చి నిదానముగా మాటలాడవలెను. ఇరుగుపొరుగువారు పోట్లాడి మనయొద్దకు వచ్చినపుడు మనమేమి చేయుదుము? ఇరువురును ఒప్పుకొన్న మాటను మొదట పట్టుకొందుము. తనకు నష్టము కలిగించు మాటను తానే చెప్పినచో నమ్ముదుము. గొప్పలను సగము విడుతుము. చరిత్రకారుల పద్ధతియు ఇంతకన్న వేఱు కాదు.

గొప్పలు లేని సాక్ష్య మొకటి బెర్లినులో నున్నది. బబులోను నగరులోని కొట్టుగదుల పద్దులవి, మట్టిపలకలు. చెఱపట్టబడిన యూదా రాజు యెహోయాకీనుకును, అతని కుమారు లైదుగురికిని ఇంత నూనె యని అందు వ్రాసియున్నది. ఆ రాజు తన తల్లితో కూడ శత్రువునకు లోబడి బబులోనుకు పోయెనని గ్రంథము చెప్పుచున్నది. క్రీ.పూ. 597లో యూదా నగరము పట్టుబడెనను బబులోను వృత్తాంత ఫలకము ఈ మ్యూజియముననే కలదు. నూనె కొలిచి వ్రాసిన గుమాస్తాకు ఎవరిని పొగడవలసిన పని లేదు, ఎవరిని తిట్టవలసిన పని లేదు. ఇంటిపద్దు వ్రాయు మనకు ఆ వ్రాతమీద నమ్మకము కలుగుటలో వింత లేదు.

లేవగనే మా స్నేహితురాలు “మరల ఒక్కమారు క్రిందికి పోదము” అనెను. లాకీషు గదిలో ఇందాక మేము తొందరలో దాటిపోయిన పలక నొద్ద ఆగినది. కోటనుండి బయలుదేరిన కుటుంబములు వరుసగా నడచుచున్నవి. స్త్రీలు తలమీదనుండి మడమల వఱకు పొడవైన వస్త్రము కప్పుకొని, మూటలు మోయుచున్నారు. ఎద్దుబండి మీద సామానులు, సామానులపై స్త్రీలును పిల్లలును. ఆ ఎద్దుల ప్రక్కటెముకలను కూడ శిల్పి విడువలేదు. ఆ బండి మన పల్లెబండికి దూరపు చుట్టమువలె నున్నది. వీరి పేర్లు గ్రంథమునను లేవు, గోడమీదను లేవు. ఉన్నారనుటకు మాత్రము సందేహము లేదు.

ఆ రాత్రి ఆమె కుమారుని గదినుండియే గుంటూరికి టెలిఫోను చేసినది. చూచినదంతయు మామగారికి దాచక చెప్పినది. ఆహాబు సైన్యము, యెహూ వంగుట, వెండి లెక్కలో తేడా, దేవదూతను గూర్చి స్తంభము పలుకకుండుట, ఏదియు విడువలేదు. కుమారుడు పుస్తకము ముందు పెట్టుకొని వినుచునే యున్నాడు. ముసలివారు కొంతసేపు మాటలాడలేదు. తరువాత “అమ్మా, ఆ బండిమీద పిల్లలెందఱు?” అని అడిగిరి. మేమిరువురమును ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి. లెక్కపెట్టలేదు.

“మాకు రేపే ప్రయాణము, మామయ్యగారూ. ఇక పోవుటకు వీలు లేదు” అని ఆమె చెప్పినది.

“మనవాడు ఆ యూరనే యున్నాడు కదా! పోయి, లెక్కపెట్టి, వానినే నాకు చెప్పుమనుము” అనిరి వారు.

కుమారుడు పుస్తకము మూసి, మ్యూజియము తలుపులు ఉదయమున ఎన్నిగంటలకు తీయుదురని మమ్మడిగెను.